కార్బన్ మోనాక్సైడ్ అలారం: మీ ఇంటికి ఏది సరిపోతుంది, ఏది సరిపోదు

రాణిగంజ్‌లోనో కోఠిలోనో షాపుకెళ్లి "గ్యాస్ డిటెక్టర్ కావాలండీ" అంటే మామూలుగా చేతిలో పెట్టేది ఎల్‌పీజీ లీకేజీ అలారం. ఆన్‌లైన్‌లో వెతికినా ముందు వరుసలో వచ్చేవి అవే. వంటింట్లో సిలిండర్ లీకైతే అది మోగుతుంది. మంచి వస్తువే, గ్యాస్ పొయ్యి ఉన్న ప్రతి ఇంట్లో ఉండాల్సిందే. అయితే బాత్రూంలో గ్యాస్ గీజర్ వెలుగుతూ, గాలి చాలక పుట్టించే కార్బన్ మోనాక్సైడ్‌ని అది పట్టుకోలేదు. ఆ డబ్బా గోడకి బిగించుకుని "మాకు డిటెక్టర్ ఉందిలే" అని నిశ్చింతగా ఉన్నవాళ్లను చూసినప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. ఈ పోలిక రాయడానికి కారణం అదే.

ఈ రెండూ వేరువేరు ప్రమాదాలు. ఎల్‌పీజీ అనేది ఇంకా మండని గ్యాస్. లీకైతే తెలియాలని దానికి ఘాటు వాసన కలుపుతారు. గాలికంటే బరువు కాబట్టి నేలమీద పరుచుకుంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. కార్బన్ మోనాక్సైడ్ మంటలోంచి పుడుతుంది. గ్యాస్, బొగ్గు, కట్టె, పెట్రోలు, డీజిల్ ఏదైనా సరే, సరిపడా గాలి అందక అరకొరగా మండితే వస్తుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పీల్చాక రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్‌ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని, ఆక్సిజన్‌కి చోటు లేకుండా చేస్తుంది.

మొదట వచ్చేది తలనొప్పి. తర్వాత కడుపులో తిప్పడం, కళ్లు తిరగడం, కాళ్లు తేలిపోవడం. జ్వరం మాత్రం ఉండదు. మన ఇళ్లలో వెంటనే "గ్యాస్ పట్టింది", "బీపీ డౌన్ అయ్యుంటుంది", "పొద్దున్నుంచీ ఏం తినలేదుగా" అనేస్తాం. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా ఉంటే, బయటికెళ్తే తగ్గి ఇంటికొస్తే మళ్లీ మొదలైతే, దీన్ని అనుమానించాలి. ఇంకో ముఖ్యమైన మాట: కోవిడ్ టైంలో కొనుక్కున్న పల్స్ ఆక్సీమీటర్‌ని ఇక్కడ నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ని కూడా అది ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కగడుతుంది. మనిషి పడిపోయే స్థితిలో ఉన్నా తెరమీద 98 కనిపించొచ్చు.

ముందు మీ ఇంట్లో ఏం మండుతోందో చూడండి

ఏ మోడల్ కొనాలి అనేదానికంటే ముందు తేలాల్సిన సంగతి ఇది. కరెంటు గీజర్, వంటింట్లో కిటికీ పక్కన గ్యాస్ పొయ్యి, అంతకుమించి ఇంట్లో నిప్పు లేదు అంటే మీకు రిస్క్ తక్కువ. అలాంటి ఇంట్లో ఒక్కటే కొనే వీలుంటే ఎల్‌పీజీ అలారం కొనండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తర్వాత చూసుకోవచ్చు. అన్ని అలారాలూ అందరికీ అవసరం లేదు.

బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం కథ వేరు. పాత అపార్ట్‌మెంట్లలో కనిపించే ఒక బాత్రూం చెబుతాను. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. షవర్ పక్కనే గోడకి ఆరు లీటర్ల గీజర్, దానికింద మూలలో సిలిండర్. పైన అద్దం పలకల వెంటిలేటర్. పావురాలు వచ్చి గూడు పెడుతున్నాయని ఆ వెంటిలేటర్‌కి థర్మకోల్ ముక్క కోసి అడ్డంపెట్టి, చుట్టూ బ్రౌన్ టేపు అంటించారు. డిసెంబర్ వచ్చేసరికి చలిగాలి రాకూడదని తలుపు కింద పాత టవల్ దోపారు. ఇప్పుడు ఆ గదిలోకి కొత్త గాలి వచ్చే దారి ఒక్కటీ లేదు. గీజర్ మంట ఆ గదిలోని ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. అది తగ్గినకొద్దీ మంట చెడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. లోపల మనిషి తలస్నానం చేస్తూ, తలుపు గడియ వేసుకుని ఉంటాడు. స్నానానికి వెళ్లి స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం మన దేశంలో ఎంతగా కనబడిందంటే, న్యూరాలజిస్టులు దానికి "గ్యాస్ గీజర్ సిండ్రోమ్" అని పేరే పెట్టి వైద్య పత్రికల్లో రాశారు. కొందరికి మూర్ఛవ్యాధి అనుకుని మందులు మొదలుపెట్టే ప్రమాదం కూడా ఉంది.

ఈ బాత్రూంకి ఏ అలారం కొనాలి అని అడిగితే నా జవాబు: ఏదీ కొనకండి, ముందు గీజర్‌ని బయటికి తీయించండి. ఇది తప్పించుకునే జవాబు కాదు. ఆవిరి, తేమ ఉండే బాత్రూంలో పెట్టొద్దని అలారం తయారుచేసేవాళ్లే మాన్యువల్‌లో రాస్తారు. తేమ సెన్సర్‌ని పాడుచేస్తుంది. పైగా చిన్న మూసిన గదిలో గ్యాస్ పెరిగే వేగం ఎక్కువ. 1,600 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 1,600 భాగాలు) దగ్గర 20 నిమిషాల్లో తలనొప్పి, వాంతులు మొదలై గంటా రెండు గంటల్లో ప్రాణం పోతుంది. 12,800 దగ్గరైతే రెండు మూడు నిమిషాలే. అలారం మోగే టైంకి లోపలి మనిషి గడియ తీసే స్థితిలో ఉండకపోవచ్చు.

యుటిలిటీ బాల్కనీలో, వాషింగ్ మెషిన్ పెట్టే చోట, పైన గ్రిల్ తెరిచి ఉన్న గోడకి గీజర్ మార్పించి, అక్కడినుంచి బాత్రూంకి వేడినీళ్ల పైపు లాగించొచ్చు. ప్లంబర్‌కి అదేమీ కొత్త పని కాదు. యుటిలిటీకి స్లైడింగ్ అద్దాలు బిగించి మూసేసుంటే మాత్రం అదీ ఇంకో బాత్రూమే అవుతుంది, అద్దం ఒక పక్క ఎప్పుడూ తెరిచే ఉండాలి. అద్దె ఇల్లయితే ఓనర్‌గారితో మాట్లాడండి. ఒప్పుకోకపోతే గ్యాస్ గీజర్ ఆపేసి కరెంటు గీజర్ పెట్టుకోండి. డిటెక్టర్‌కి దాచిన డబ్బు ముందు ఈ పనికి ఖర్చుపెట్టండి. డిటెక్టర్ ఆ తర్వాత, రెండో కాపలాగా వస్తుంది.

ఇక బొగ్గుల కుంపటి. బాలింతకీ పసిబిడ్డకీ స్నానం అయ్యాక సాంబ్రాణి వేస్తూ, గదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపులు మూసే అలవాటు ఇప్పటికీ ఉంది. పొగ కనబడుతుంది కాబట్టి పొగ గురించే జాగ్రత్తపడతాం. బాగా రగిలి ఎర్రగా, పొగలేకుండా ఉన్న బొగ్గే ఎక్కువ నమ్మకంగా లోపలికి తెస్తాం. ఆ ఎర్రటి బొగ్గునుంచీ కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. గర్భిణులకు, పసివాళ్లకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఇది మిగతావాళ్లకంటే త్వరగా చేటు చేస్తుంది. సాంబ్రాణి వేయాలనుకుంటే తలుపు, కిటికీ తెరిచి రెండు నిమిషాలు వేసి కుంపటి బయటపెట్టేయండి. దానికి అలారం సమాధానం కాదు.

సెల్లార్ మీది మొదటి అంతస్తు ఫ్లాట్లకు జనరేటర్, కార్ల పొగ ఇంకో దారి. ఇండిపెండెంట్ ఇళ్లలో చిన్న పెట్రోలు జనరేటర్‌ని వరండాలో పెట్టి నడిపేవాళ్లున్నారు. దాన్ని తలుపులు, కిటికీలనుంచి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట పెట్టాలి.

సెన్సర్: ఇక్కడ రాజీ పడొద్దు

అలారం లోపల ముఖ్యంగా రెండు రకాల సెన్సర్లు ఉంటాయి. ఎలక్ట్రోకెమికల్, సెమీకండక్టర్. ఇళ్లకి మొదటిదే కొనాలి. తక్కువ కరెంటుతో బ్యాటరీమీద ఏళ్లతరబడి పనిచేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌ని పీపీఎం లెక్కలో బాగా కొలుస్తుంది. సెమీకండక్టర్ సెన్సర్‌ని వేడిచేస్తూ ఉండాలి కాబట్టి ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండాలి. అంతకంటే పెద్ద ఇబ్బంది, అది శానిటైజర్‌కీ, బాడీ స్ప్రేకీ, వంట ఆవిర్లకీ కూడా స్పందిస్తుంది. పండగరోజు నాలుగుసార్లు ఊరికే మోగిందంటే ఐదోసారి ఎవరో ఒకరు ప్లగ్ పీకేస్తారు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే ఎంక్యూ-7 అనే చిన్న సెన్సర్ బోర్డు ఈ రకందే. పిల్లల కాలేజీ ప్రాజెక్టుకి బాగుంటుంది, రాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోవడానికి దానిమీద ఆధారపడకండి.

ఎలక్ట్రోకెమికల్‌కీ ఒక బలహీనత ఉంది. మన ఇళ్లకి అది సూటిగా తగులుతుంది. హైడ్రోజన్‌ని కూడా అది కార్బన్ మోనాక్సైడ్ అనుకుంటుంది. ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు వదిలేది హైడ్రోజనే. కాబట్టి హాల్లో మూలకున్న ఇన్వర్టర్ పక్కనో, దానిపైన గోడకో అలారం పెట్టకండి. కరెంటు వచ్చి బ్యాటరీ చార్జింగ్ ఎక్కినప్పుడల్లా అలారం మోగుతుంటే, ముందు బయటికి వచ్చి, ఇంట్లో ఏదైనా మండుతోందేమో ఆలోచించి, ఆ తర్వాత బ్యాటరీ సంగతి చూడండి. మోగిన వెంటనే "ఇన్వర్టరేలే" అని తేల్చేయొద్దు.

పెట్టె వెనక చదవాల్సినవి

ముందువైపు ఏం రాసున్నా పట్టించుకోకుండా పెట్టె తిప్పండి. "ఈఎన్ 50291-1" అని గానీ "యూఎల్ 2034" అని గానీ ఉందా చూడండి. మొదటిది యూరప్ ప్రమాణం, రెండోది అమెరికాది. యూరప్‌లో అమ్మే వస్తువులమీద మామూలుగా ఉండే ఉత్త సీఈ ముద్ర సరిపోదు. తర్వాత సెన్సర్ రకం. తర్వాత తయారీ తేదీ, దాని పక్కనే ఎప్పటికల్లా మార్చాలో తేదీ. సెన్సర్ ఆయుష్షు సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు, మీరు వాడినా వాడకపోయినా తరుగుతుంది. షాపు షెల్ఫులో మూడేళ్లు పడున్న ఏడేళ్ల అలారం మీకు ఏడేళ్లు రాదు. ఈ మూడూ రాయని "పొగ, గ్యాస్, సీఓ (కార్బన్ మోనాక్సైడ్) త్రీ ఇన్ వన్" పెట్టె ఎంత చవగ్గా వచ్చినా అక్కడే వదిలేయండి. ప్రమాణం ఉన్నవి వేలల్లో ఉంటాయి, లేనివి వందల్లోనూ దొరుకుతాయి. ఈ ఒక్క వస్తువులో ఆ తేడా పెట్టదగిందే.

రెండు ప్రమాణాల్లో ఏది మేలు? మన ఇళ్లకి నేనైతే ఈఎన్ వైపు మొగ్గుతాను. కారణం అంకెల్లో ఉంది. ఈఎన్ ప్రకారం 50 పీపీఎం ఉంటే 60 నుంచి 90 నిమిషాల్లో, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల్లో, 300 ఉంటే 3 నిమిషాల్లోపు మోగాలి. యూఎల్‌లో 70 దగ్గర గంటనుంచి నాలుగు గంటలు, 150 దగ్గర 10 నుంచి 50 నిమిషాలు, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాలు. అంటే ఎక్కువ గ్యాస్ ఉన్నప్పుడు ఈఎన్ అలారం త్వరగా మేల్కొంటుంది. రెండూ తక్కువ మోతాదులో కావాలనే మౌనంగా ఉంటాయి, ఊరికే మోగి విసిగించకూడదని. ఈ లెక్కలు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసినవి.

డిస్‌ప్లే ఉన్న మోడల్ కొనమనేది ఇందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటిలోపలి గాలికి చెప్పిన హద్దు, 8 గంటల సగటుకి, ఘనపు మీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే సుమారు 9 పీపీఎం. అలారం మోగే స్థాయి దీనికి చాలా పైన ఉంది. ఇంట్లో గర్భిణి, పసిబిడ్డ, గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఉంటే, రోజూ గీజర్ వేసినప్పుడు తెరమీద 15, 20 కనబడటమే మీకు హెచ్చరిక. కొన్ని మోడళ్లు 30 దాటేదాకా సున్నానే చూపిస్తాయి. ఎంతనుంచి చూపిస్తుందో మాన్యువల్ చూసి, లేదా అమ్మేవాళ్లను అడిగి కొనండి. అత్యధికంగా ఎంతవరకు పోయిందో గుర్తుపెట్టుకునే పీక్ మెమరీ కూడా ఉంటే ఇంకా మంచిది.

బ్యాటరీయా, ప్లగ్గా?

సీల్ చేసిన లిథియం బ్యాటరీతో వచ్చేది నా మొదటి ఎంపిక. కొన్నరోజు ఆన్ చేస్తే సెన్సర్ ఆయుష్షు ఉన్నంతకాలం అదే బ్యాటరీ. మామూలు డబుల్ ఏ సెల్స్ వేసేది కొంచెం చవక, కానీ టీవీ రిమోట్‌లో సెల్స్ అయిపోయినప్పుడు ఇంట్లో అందరి చెయ్యీ దానివైపే పోతుంది. బ్యాటరీ బ్యాకప్ లేని ప్లగ్ మోడల్ మాత్రం వద్దు. కరెంటు పోయినప్పుడే జనరేటర్ మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే ఆ అలారం నిద్రపోతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలతో తెప్పించుకుందామనుకునేవాళ్లు చాలామంది. బ్యాటరీ మోడల్ అయితే నిరభ్యంతరంగా తెప్పించుకోండి. ప్లగ్‌లో పెట్టేదీ, సీలింగ్ వైరింగ్‌కి కలిపేదీ మాత్రం వద్దని ముందే చెప్పండి. అక్కడివి 120 వోల్టులకు తయారైనవి, మన దగ్గర 230. ప్లగ్ ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు.

వైఫై మోడల్ అందరికీ అవసరం లేదు. అమ్మానాన్న మల్కాజ్‌గిరిలో ఇద్దరే ఉంటూ, మీరు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటే మాత్రం డబ్బు పెట్టదగిందే. చెవులు సరిగ్గా వినబడని నాన్నగారికి సైరన్ వినబడకపోయినా మీ ఫోన్ మోగుతుంది, మీరు పక్క ఫ్లాట్‌వాళ్లకి ఫోన్ చేయగలరు. దానికి రౌటర్ ఇన్వర్టర్ లైన్‌మీద ఉండాలి. గూగుల్ నెస్ట్ ప్రొటెక్ట్‌ని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. ఆ కంపెనీ దాన్ని 2025లో ఆపేస్తున్నట్టు ప్రకటించింది, పాత స్టాక్ వెంటపడకండి.

కలిపి ఉన్నవి కొనాలా?

ఎల్‌పీజీ, కార్బన్ మోనాక్సైడ్ రెండూ ఒకే డబ్బాలో అంటే వినడానికి బాగుంటుంది. ఆ డబ్బా ఎక్కడ పెడతారు? ఎల్‌పీజీ కోసమైతే నేలకి అడుగు ఎత్తులో, సిలిండర్ దగ్గర పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ గాలితో దాదాపు సమానమైన బరువు, గదంతా కలిసిపోతుంది, కొలవాల్సింది మనిషి ముక్కు ఉండే ఎత్తులో. ఒక్క డబ్బా రెండుచోట్లా ఉండలేదు కాబట్టి సిలిండర్ ఇళ్లకి విడివిడిగా కొనడమే సరైనది. పైపులైన్ గ్యాస్ ఉన్న ఇళ్లలో లెక్క మారుతుంది. అది మీథేన్, గాలికంటే తేలిక, పైకి పోతుంది. అక్కడ పైకప్పుకి కాస్త కిందగా పెట్టే కంబైన్డ్ మోడల్ పనికొస్తుంది, మీథేన్‌కి తగినదో కాదో పెట్టెమీద చూసుకోవాలి.

పొగ, కార్బన్ మోనాక్సైడ్ కలిపి ఉన్నవి పడకగదుల బయటి నడవాకి బాగుంటాయి. మన వంటింటికి వద్దు. ఎండుమిరపకాయల పోపు పడిన ప్రతిసారీ మోగుతుంది. ఉత్త స్మోక్ డిటెక్టర్ కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టదని కూడా గుర్తుంచుకోండి. కొత్త గేటెడ్ కమ్యూనిటీల్లో సీలింగ్‌కి ఉండేవి ఎక్కువగా పొగవే. అలాగే గొట్టం బయటికి లేని ఫిల్టర్ చిమ్నీ, ఎయిర్ ప్యూరిఫయర్, స్ప్లిట్ ఏసీ, ఇవేవీ ఈ గ్యాస్‌ని తీసేయవు.

ఎక్కడ బిగించాలి

ఒక్కటే ఉంటే పడకగదుల దగ్గర, నిద్రలో ఉన్నవాళ్లకి వినబడేచోట. రెండోది గీజర్ ఉన్న యుటిలిటీ పక్క గదిలో, గీజర్‌కి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో. కిటికీ పక్కన, ఫ్యాన్ గాలి సూటిగా తగిలేచోట, కర్టెన్ వెనక, అల్మారాలో, పొయ్యిపైన పెట్టొద్దు.

మూడోది కొనగలిగితే వాచ్‌మన్ గదికి ఇవ్వండి. సెల్లార్‌లో ర్యాంప్ కింద, ఒక్క కిటికీ కూడా సరిగా లేని గదిలో భార్యాపిల్లలతో ఉంటారు. జనవరి రాత్రుల్లో బొగ్గులో కట్టెలో వెలిగించుకుని తలుపు వేసుకుంటారు. పక్కనే జనరేటర్. అపార్ట్‌మెంట్‌లో అందరికంటే ఎక్కువ ప్రమాదం ఆ కుటుంబానిదే. మెయింటెనెన్స్ డబ్బులోంచి ఒక అలారం, ఒక దళసరి రగ్గు, గోడకి ఒక వెంటిలేటర్, ఈ మూడూ కమిటీ మీటింగ్‌లో అడిగి సాధించాల్సినవి. అలారం ఇచ్చినప్పుడు అది మోగితే ఏం చేయాలో వాళ్ల భాషలో చెప్పి, ఒకసారి మోగించి చూపించండి.

మోగితే

చాలా మోడళ్లలో నాలుగు బీప్‌లు, కాస్త ఆగి మళ్లీ నాలుగు, ఇది గ్యాస్ ఉందని. నిమిషానికో అరనిమిషానికో ఒక్క కూత అయితే బ్యాటరీగానీ సెన్సర్‌గానీ అయిపోయిందని. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. ఆ బటన్ చూసేది ఎక్కువగా సైరన్‌నీ, సర్క్యూట్‌నీ మాత్రమే, కాబట్టి గడువు తేదీ దాటిన అలారం బటన్‌కి మోగినా మార్చేయాల్సిందే.

నాలుగు బీప్‌లు వింటే అందరూ బయటికి రండి. ఎవరైనా బాత్రూంలో ఉంటే తలుపు కొట్టి పిలవండి, పలకకపోతే బద్దలుకొట్టి బయటికి లాగండి, లోపల నిలబడి గీజర్ ఆపే ప్రయత్నంలో టైం పోగొట్టకండి. 108కి ఫోన్ చేసి గీజర్ పొగో, బొగ్గుల పొగో పీల్చారని చెప్పండి. ఆస్పత్రిలోనూ అదే మాట మొదట చెప్పాలి. రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ ఎంతుందో కొలిచే పరీక్ష అడగండి. మామూలు గాలిలో అది సగం తగ్గడానికి 4 నుంచి 6 గంటలు పడుతుంది, మాస్క్‌తో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. వాసన వచ్చి ఎల్‌పీజీ లీకని తెలిస్తే పద్ధతి వేరు: ఏ స్విచ్చీ ముట్టకుండా బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయాలి.

కిటికీలు తెరిచిన పది నిమిషాలకే తెరమీద అంకె సున్నాకి వచ్చేస్తుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు "ఊరికే మోగిందిలే" అంటారు, మెకానిక్ కూడా మంట చూసి బాగానే ఉందంటాడు. ఇంట్లో గాలి తేటపడ్డాక పీక్ మెమరీ బటన్ నొక్కి, ఆ అంకెని ఫోన్‌లో ఫోటో తీసి అతనికి చూపించండి. బర్నర్ విప్పి శుభ్రం చేసి, గాలి వచ్చే దారి చూసేదాకా ఆ గీజర్ వెలిగించొద్దు.